ఆయం కుదిరిన సబ్‌వూఫర్

పొద్దున పదింటికల్లా పాత ఇండికాలో సబ్‌వూఫర్ బిగించి, భార్య లతను ఎక్కించుకుని, మధ్యాహ్నానికి మిర్యాలగూడ చేరాలనేది కోదాడ నరేష్ ప్లాను. బావమరిది శ్రీకాంత్ పెళ్లి ఊరేగింపు తన కారులోనే జరగాలని అందరి కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. కిరాయి కార్లు తిప్పుకునేవాడికి పిల్లనిచ్చామని మామ రామనర్సయ్యకు లోలోపల గుర్రు. నాలుగేళ్లలో ఒక్కసారీ అల్లుడి కారెక్కలేదు. ఈరోజు కొడుకు అందులో దర్జాగా ఊరేగితే ఆయన మనసు మెత్తబడుతుందని నరేష్ ఆశ.

స్పీకరుకు చెక్కపెట్టె చేసింది వడ్ల మట్టయ్య. కోదాడలో సగం ఇళ్ల దర్వాజలు ఆయన చేతి పనే గానీ స్పీకరు పెట్టె చేయడం ఇదే మొదలు. తీరా చూస్తే అది డిక్కీలో పట్టలేదు.

"నేనిచ్చిన కొలత గిది గాదే, మట్టన్నా?"

"నువ్విచ్చిన కొలతకు వాస్తు లెక్కల ఆయం కుదరలే. దర్వాజైనా డబ్బైనా కొలత మంచిదుంటెనే ఇంటికి మంచిది. గందుకే ఆరంగుళాలు పెంచిన" అన్నాడు మట్టయ్య తాపీగా.

పోట్లాడే తీరిక లేదు. నరేష్ వెనక సీటు విప్పేసి పెట్టెను అక్కడే బిగించాడు. పాట పెడితే పక్కింటి రేకులు కూడా అదిరాయి. ముందు సీటును పూలబుట్టలు అప్పటికే ఆక్రమించాయి.

"మరి నేనేడ కూసోవాలె?" అంది లత.

"నువ్వు బస్సుల రా. పెట్టెను బస్సుల ఎక్కనియ్యరు."

"తమ్ముని పెండ్లికి నన్ను ఇడిసిపెట్టి డబ్బను తోల్కపోతున్నవ్. మంచిగుంది."

పెళ్లికొడుకు ఎక్కడ కూర్చుంటాడన్న ప్రశ్న మాత్రం నరేష్‌కు విడిది ముందు కారాపాకే తట్టింది. డ్రైవరు పక్కన కూర్చుంటే పెళ్లికొడుక్కి దర్జా ఏముంటుందని పెట్టె మీద దుప్పటి పరిచి శ్రీకాంత్‌ను కూర్చోబెట్టాడు. పాట మొదలైందో లేదో బాసికం జారి ముక్కు మీదికొచ్చింది.

"బావా, పండ్లు గూడ అదురుతున్నయి" అంటూ శ్రీకాంత్ దిగిపోయాడు. చుట్టాలు నవ్వారు. నరేష్‌కు తల కొట్టేసినట్టయింది.

"నా కొడుకును డబ్బ మీద కూసోబెడతవా? అదేందో సూడనీ" అంటూ రామనర్సయ్య కోపంగా లోపలికి దూరి, దాని మీదే కూలబడ్డాడు. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. ఆయన కళ్లు మూసుకుని ఉలకడు, పలకడు. బ్యాండువాళ్లు వాయించడం ఆపేశారు. అప్పుడే బస్సు దిగి వచ్చిన లత మొగుడి వైపు కొరకొరా చూసింది. నరేష్ పాట ఆపాడు.

"ఎందుకు బంద్ చేసినవ్?" అన్నాడు రామనర్సయ్య కళ్లు తెరిచి.

"మామా, జర దిగుండ్రి. ముహూర్తం దగ్గర పడుతున్నది."

"ఆర్నెల్ల సంది దవాఖానల సుట్టు తిరిగినా ఇడువని నడుము పట్టు, ఇప్పుడిప్పుడే ఇడుస్తున్నది. పాట పెట్టు అల్లుడా. మెల్లగ పోనియ్."

నాలుగేళ్లలో ఆయన తనను అల్లుడా అని పిలవడం నరేష్ ఎన్నడూ వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సౌండు ఇంకాస్త పెంచి, కారును ఫంక్షన్ హాలు వైపు నెమ్మదిగా పోనిచ్చాడు.

పెళ్లికొడుకు బ్యాండువాళ్లతో కలిసి నడిచి వచ్చాడు.