ఐదు మైళ్ళు దక్షిణంగా

ఆ పొద్దున పడవ నడిపే సరంగు అనుకున్నది చిన్న పనే. నడిసముద్రంలో నీళ్ళ కిందున్న తన రాతి దిబ్బ దగ్గర నాలుగుసార్లు వల లాగి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. పడవలో తోడు ఆయన బావమరిది. ఆ దిబ్బ చుట్టూ చేపలు ముసురుకుంటాయని వీళ్ళిద్దరికీ తప్ప మూడో కంటికి తెలియదు. తెలియనివ్వకుండా ఉండడానికి సరంగు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. తొమ్మిదింటికి ప్రతి పడవా తానెక్కడుందో రేడియోలో రేవు గుమాస్తాకు చెప్పాలి. ఈయన ఇరవై ఏళ్ళుగా ఉన్న చోటికి ఐదు మైళ్ళు దక్షిణంగా చెబుతున్నాడు. తక్కిన సరంగులూ తక్కువ తినలేదు, ఎవరి అబద్ధం వాళ్ళకుంది. దాన్ని అబద్ధమని ఎవరూ అనరు, వృత్తిధర్మమంటారు.

ఆ రోజూ ఆ ముక్కే చెప్పి మైకు పెట్టాడో లేదో, ఇంజను గదిలోంచి బావమరిది తల బయటపెట్టాడు.

"బావా, కింద మోకాలి లోతు నీళ్ళున్నాయి. పంపు ఆగిపోయింది."

సరంగు మైకు లాక్కున్నాడు. ఆపదలో ఉన్నామని తెలిపే మేడే పిలుపు మూడుసార్లు ఇచ్చి, ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఉన్న చోటు ఉన్నట్టు చెప్పాడు. అలవాటు లేని పని కావడంతో అంకెల దగ్గర తడబడ్డాడు.

సాటి పడవలన్నీ వలలు వదిలేసి బయలుదేరాయి. పాపం, మంచి మనుషులే.

"ఆపద నిజమే," అన్నాడు రేడియోలో ఒక ముసలి సరంగు. "కానీ చెప్పిన చోట మాత్రం వాడుండడు. అదొక్కటీ వదిలేసి అంతా వెతకండి."

"నేనిక్కడే ఉన్నానయ్యా బాబూ," అని మొత్తుకున్నాడు సరంగు.

"రోజూ అదేగా చెబుతావు," అన్నాడు ముసలి సరంగు.

బావమరిది బకెట్‌తో నీళ్ళు తోడుతూ ఆలోచించాడు. "నిజం చెబితే నమ్మడం లేదుగా బావా. రోజూ చెప్పే చోటే చెప్పు. అక్కడుండవనుకుని ఇటొస్తారు."

మునిగేవాడికి ఆ తర్కం సబబుగానే తోచింది. మళ్ళీ మైకు తీసి ఐదు మైళ్ళు దక్షిణంగా చెప్పాడు. గుమాస్తా నియమాల మనిషి. కొత్త చోటు వస్తే పాతది కొట్టేయాలన్నది నియమం.

"అందరూ ఇప్పుడు చెప్పిన చోటికే వెళ్ళండి," అన్నాడు గుమాస్తా. ఇరవై పడవలూ దక్షిణానికి తిరిగాయి. సరంగు లబోదిబోమంటూ మొదటి చోటు మళ్ళీ చెప్పబోతే, "ఒక మాట మీద నిలబడవయ్యా," అని గుమాస్తా విసుక్కున్నాడు.

నీళ్ళు పైబల్లకు జానెడు దూరానికొచ్చాయి. సరంగు బకెట్ పక్కన పెట్టి కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడకూడదనే కోరుకున్నాడు. ఆ కోరిక ఇంత చక్కగా తీరుతుందనుకోలేదు. తన కోసం పరుగెత్తే మనుషులున్నారు, తన మాట నమ్మే మనిషే లేడు. అది తలుచుకుంటే చావు భయం కన్నా ఎక్కువ బాధేసింది.

అప్పుడు రేడియోలో సరంగు భార్య గొంతు వినిపించింది. కబురందుకుని రేవు గదికి వచ్చినట్టుంది.

"అన్నయ్యలూ, గుమాస్తా గారు రాసుకున్న రెండూ చూశాను. మొదటిదే నిజం. ఆయన రోజూ నిద్రలో పలవరించేది ఆ అంకెలే. ఎవరిదో ఫోన్ నంబరనుకుని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. నిద్రలో అబద్ధమాడేంత తెలివి ఆయనకు లేదు."

గంటలో ఇరవై పడవలూ వచ్చేశాయి. పంపులు దించారు, తాళ్ళు కట్టారు. ముసలి సరంగు ఆయన్ని తన పడవలోకి లాగి కావిలించుకున్నాడు. ఇకమీదట ఉన్నదున్నట్టే చెబుతానని సరంగు అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటికే కొందరి చూపు తమ పడవల్లో నీళ్ళ కింది చేపల్ని చూపించే తెర మీద పడింది.

వారం తర్వాత, బాగుచేయించిన పడవతో దిబ్బ దగ్గరికి వెళ్ళి, తొమ్మిదింటికి ఉన్న చోటు ఉన్నట్టే చెప్పాడు. ఆయన చుట్టూ వలలు వేసుకున్న పదకొండు పడవలూ, తాము ఐదు మైళ్ళు దక్షిణంగా ఉన్నట్టు చెప్పాయి.