ఊడిరాని కెమెరా

జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు చెప్పే వరప్రసాదరావు ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. ఎనిమిదింటి బస్సెక్కాలి. పదింటికి నందిగామలో హెడ్మాస్టర్ల సమావేశంలో కంపెనీ నమూనాగా పంపిన కొత్త ల్యాప్‌టాప్‌ను చూపించాలి. విద్యాశాఖ అధికారిణి వైదేహిగారిని ఒప్పించి, తన బడికి అలాంటివి పది తెచ్చుకోవాలి. గుండె ఎలా కొట్టుకుంటుందో పిల్లలకు సుద్దముక్కతో గీసి గీసి ఆయన చెయ్యి అరిగిపోయింది.

ఆ ల్యాప్‌టాప్ మామూలుది కాదు. తెర, కీబోర్డు, కెమెరా, స్పీకర్లు, బ్యాటరీ దేనికది ఊడి వస్తాయి, మళ్లీ టక్కున అతుక్కుంటాయి. ఏది పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. బస్సులో గీతలు పడకుండా ఆయన అన్నింటినీ విడదీసి, తువ్వాళ్లలో చుట్టడం మొదలుపెట్టాడు.

కాఫీ తెచ్చిన భార్య ఫ్లోరెన్స్ గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం మీద ఐదు ముక్కలు! మొన్న బాగుచేస్తానని ఆయన విప్పిన మిక్సీ ఇంకా అటక మీదే ఉంది. ఇదీ అంతేననుకుంది. ఆయన గేటు దాటగానే, నందిగామలో కంప్యూటర్ రిపేరు కొట్టు నడిపే తమ్ముడు బెన్నికి ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ కంపెనీవాళ్ల ల్యాప్‌టాప్ ఐదు ముక్కలు చేసేశార్రా! నేను చెప్పానని చెప్పమాక, సిగ్గుపడతారు. నువ్వే ఎట్టాగోట్టా చూడు."

"నువ్వు కంగారుపడకక్కా. బస్టాండుకెళ్తున్నా."

బస్సు దిగిన బావ చేతిలోంచి బెన్ని సంచి అందుకున్నాడు.

"బావా, నువ్వు టిఫిన్ చేసి రా. ఈలోపు ఇవన్నీ బిగించి హాల్లో టేబుల్ మీద పెట్టేస్తా."

"నీకెందుకురా శ్రమ? క్షణం పని."

"నాకొదిలెయ్. ఇక జన్మలో ఊడదు!"

ఆ చివరి మాట విజయవాడ బస్సు హారన్లో కలిసిపోయింది. ఎంత మంచి బావమరిదో అనుకుంటూ వరప్రసాదరావు పెసరట్టు తినడానికి వెళ్లాడు.

సమావేశం దివ్యంగా మొదలైంది. తెర మీద ఎర్రటి గుండె కొట్టుకుంటోంది, స్పీకర్లు లబ్‌డబ్ అంటున్నాయి. "ఇప్పుడు అసలు విశేషం చూడండి" అంటూ వరప్రసాదరావు కెమెరా పట్టుకుని లాగాడు. రాలేదు. కీబోర్డు లాగాడు. అదీ రాలేదు.

"నేనొక పక్క పట్టుకుంటానుండండి" అంటూ పెనుగంచిప్రోలు హెడ్మాస్టరు జ్ఞానయ్య లేచి వచ్చారు. ఇద్దరూ చెరోవైపు లాగేసరికి యంత్రం చేయి జారి, దబ్బున నేల మీద పడింది.

హాల్లో అందరూ కంగారుగా మెడలు చాచి చూశారు. వెనక వరసలో బెన్ని మాత్రం బొటనవేలు పైకెత్తి నవ్వుతున్నాడు. ఆ వేలికి అంటిన గమ్ము చూడగానే వరప్రసాదరావుకు సంగతి అర్థమైంది. పది ల్యాప్‌టాప్‌లూ కళ్లముందే కొట్టుకుపోయాయి.

కింద నుంచి మాత్రం లబ్‌డబ్ ఆగలేదు.

జ్ఞానయ్య వంగి చూసి, వైదేహిగారి వైపు తిరిగారు. "మేడమ్, మా పిల్లలు కుళాయి పిడులే ఉండనివ్వరండి. ఊడొచ్చేది ఇస్తే సాయంత్రానికి ఒక్కో ముక్క ఒక్కో ఊళ్లో ఉంటది. మాకిట్టాంటిదే కావాలండి!"

"అతికించింది నేను కాదండి, మా బావమరిది" అన్నాడు వరప్రసాదరావు నిజాయితీగా.

"అయితే జగ్గయ్యపేటకు పది రాస్తున్నా. వచ్చాక ఆయన చేతే అతికించండి" అని వైదేహిగారు సంతకం పెట్టారు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురు హెడ్మాస్టర్లు తమ సొంత ల్యాప్‌టాప్‌లు పట్టుకుని బెన్ని కొట్టు ముందు వరసకట్టారు. వాటిలో ఊడేది ఒక్కటీ లేదు.