గుమ్మం ముందు దిగిన వంతెన

"ఈ వంతెన ముసలిదైపోయింది. ముసలివాళ్లను గౌరవించడం మా ప్రభుత్వ సిద్ధాంతం. కాబట్టి దీన్ని కూల్చేస్తున్నాం!"

మంత్రిగారు ఆ మాట అనగానే కాలువ గట్టు చప్పట్లతో దద్దరిల్లింది. వాక్యంలో ఎక్కడో ఏదో అతకలేదని ముందు వరసలో ఒకరిద్దరికి అనిపించింది కానీ, మంత్రిగారి గొంతు అంత నిండుగా ఉన్నప్పుడు అతుకుల కోసం వెతకడం మర్యాద కాదు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు మైకు. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో భద్రంగా ఉంది. వాడుకలో మాత్రం మైకే. మంత్రిగారు ఎక్కడ మాట్లాడినా, అంతకుముందు వేదికెక్కి "హలో, హలో" అనేది అతనే. సభ మొత్తంలో అర్థమయ్యేది ఆ రెండు ముక్కలేనని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్ల మాటలు మనకెందుకు?

ఆ కాలువకు ఇవతల ఇళ్లు. అవతల బజారు, బస్టాపు, ఆస్పత్రి. అంటే బతుకు ఇవతల, బతుకుతెరువు అవతల. రెంటినీ కలుపుతూ ఇనుప దూలాలు, వాటిమీద చెక్కలు పరిచిన పాత కాలిబాట వంతెన. దానిమీద నడిచేవాళ్లు ఎంతటి నాస్తికులైనా నడిమధ్యకు వచ్చేసరికి పైవాణ్ణి తలుచుకునేవారు. భక్తిని పెంచడంలో అంత సేవ చేసిన కట్టడం ఆ చుట్టుపక్కల లేదు.

మైకు చప్పట్లకు వేరే కారణం ఉంది. కిందటి నెల అతని భార్య కూరగాయల సంచీతో వస్తుంటే చెక్క విరిగి, కాలు మోకాలిదాకా దిగబడింది. జనం పైకి లాగారు. చెప్పు కాలువలో పోయింది. ఆవిడ లేచి, చీర దులుపుకుని, ఇంటివైపు రాకుండా వెనక్కి తిరిగి అవతలి గట్టునున్న అక్క ఇంటికి వెళ్లిపోయింది.

"కొత్త వంతెన వేయిస్తాం, వేయిస్తాం అని ఊరంతా అరిచింది మీరే కదండీ! ఇంక ఆ కొత్తదాని మీదే వస్తా. అందాకా మీ వంట మీరే చేసుకోండి!"

రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి, రెండు బస్సులు మారి రావచ్చు. కానీ ఆవిడ మాట మీద నిలబడే మనిషి. అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని రాజకీయాల్లో తిరగడం ఎంత కష్టమో మైకుకు అప్పుడే తెలిసింది.

సభ అయ్యాక మంత్రిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఏరా మైకూ, చిక్కిపోయావేం?"

మైకు సంగతంతా చెప్పుకున్నాడు.

"ఓస్, ఇంతేనా! చెల్లెమ్మతో చెప్పు. కొత్త వంతెన సరాసరి మీ గుమ్మం ముందే దిగుతుంది. ఇది నా మాట!"

ముందుగా పాతదాన్ని కూల్చారు. కొత్తది కట్టేదాకా ఉంచవచ్చు కదా అని ఎవరో అడిగితే, ఇంజనీరు చాలా ఓపికగా వివరించాడు. "పాతది ఉంటే జనం దానిమీదే నడుస్తారండీ. కొత్తదాని అవసరం ఎలా తెలుస్తుంది?" ఏ క్షణంలోనైనా కూలిపోతుందని బోర్డు పెట్టిన ఆ వంతెనను కూల్చలేక రెండు యంత్రాలు చెడిపోయాయి. చివరికి మూడోది గెలిచింది. మైకు జ్ఞాపకార్థం ఒక చెక్క ఇంటికి తెచ్చుకున్నాడు. ఆవిడ కాలు దిగినది కాదు. దాని పక్కది, గట్టిది. వరండాలో ఇటుకల మీద పెడితే మంచి బల్ల అయింది.

ఇక రోజూ సాయంత్రం మొగుడూ పెళ్లాలు చెరో గట్టున నిలబడి మాట్లాడుకునేవారు. అతను మైకులో. ఆవిడకు మైకు అవసరం లేదు.

"తిన్నారా?"

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

"హలో... హలో... మైకు సరిగ్గా పనిచెయ్యడం లేదు..."

రెండు గట్లవాళ్లూ నవ్వుకునేవారు. ఆవిడ పక్కనే అక్క మొగుడు, అంటే మైకు తోడల్లుడు, నిలబడి మరింత నవ్వేవాడు. అతను అవతలి పార్టీకి బ్యానర్లు కట్టే మనిషి, అందుకని అందరికీ బ్యానరు. "తమ్ముడూ! మీ మంత్రిగారు కట్టేలోపు కాలువే ఎండిపోతుందిలే! నడిచి వచ్చేద్దువు గానీ!"

ప్లాను మీద చర్చ ఇంజనీరు గదిలో జరిగింది. నలుగురు కూర్చునే గదిలో మైకు ఎందుకని ఎవరూ అడగలేదు. అది లేకపోతే మంత్రిగారికి ఆలోచన సాగదు. అందువల్ల మనవాడు అక్కడ వైరు కలుపుతూ కూర్చున్నాడు.

"సార్, చిన్న సమస్య," ఇంజనీరు కాగితం పరిచి నసిగాడు. "నియోజకవర్గాల సరిహద్దు కాలువ నడిమధ్యగా పోతోంది. అవతల దిగే చోటు మన నియోజకవర్గం కాదు. అవతలి పార్టీ శాసనసభ్యుడు దిగనిస్తానంటున్నాడు కానీ, వంతెన మీద తన ఫొటో కూడా ఉండాలట."

"ఎంత ఫొటో?"

"మీదెంతో అంత."

మంత్రిగారు కాగితం తనవైపు తిప్పుకున్నారు.

"అంటే మన వంతెన పోయి వాడి కాళ్ల దగ్గర దిగాలన్నమాట!"

"పోనీ, మధ్యలో ఆపేద్దామా సార్?"

"ఆపితే జనం నీళ్లలో పడరూ? బుద్ధుండాలయ్యా! మన ప్రభుత్వంలో ఏదీ మధ్యలో ఆగదు. మన దగ్గర మొదలవ్వాలి, మన దగ్గరే పూర్తవ్వాలి." మంత్రిగారి చూపు వైరు కలుపుతున్న మైకు మీద పడింది. "అదిగో, వీడి గుమ్మం ముందు దిగాలి. ఆడపడుచుకి మాటిచ్చాను."

మైకు కళ్లు చెమర్చాయి. ఇంజనీరు కళ్లూ చెమర్చాయి కానీ, కారణం వేరు. అతను పెన్సిలు తీసి కాగితం మీద ఏదో గుండ్రంగా తిప్పాడు.

పని జరుగుతున్నంత కాలం చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టారు, అవతలి పార్టీవాళ్లు డిజైన్ కాపీ కొట్టకుండా. లోపలినుంచి చప్పుళ్లు వచ్చేవి. మైకు వాటిని పాటలా విని నిద్రపోయేవాడు.

ప్రారంభోత్సవం రోజున ఆవిడ కొత్త చెప్పులు వేసుకుని, పెట్టె పట్టుకుని అవతలి గట్టున నిలబడింది. గుడ్డ జారింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి ముందు నడిచారు. వెనకే జనం. వంతెన ఠీవిగా పైకి లేచింది, నీళ్ల మీదికి సాగింది, కాలువ నడుమకు చేరింది, అక్కడ ఎంతో అందంగా వంపు తిరిగింది. వంపు దగ్గర కటకటాలకు బదులు మంత్రిగారి నిలువెత్తు ఫొటో కట్టారు. అసలు మంత్రిగారు దాని పక్కన ఆగి అవతలి గట్టుకు చెయ్యి ఊపారు. తర్వాత వంతెన మెల్లగా ఇవతలికే దిగివచ్చి, మైకు గుమ్మం ముందు ఆగింది. చివరి మెట్టు దిగితే అతని వరండానే.

"చూశావట్రా! గుమ్మం ముందు అన్నానా, లేదా?"

జనానికి ఏదో సందేహం వచ్చింది. కానీ చప్పట్లు కొడుతున్న చేతులతో తల గోక్కోవడం కుదరదు.

అవతలి గట్టునుంచి కేక వినబడింది. "ఏవండీ! ఇంతకీ నేనెక్కడ ఎక్కాలీ?"

"చెల్లెమ్మకి ఎంత ఆనందమో చూడు!" అన్నారు మంత్రిగారు.

మర్నాడు పత్రికలు మెచ్చుకున్నాయి: ఎక్కిన ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇంటికే చేర్చే వంతెన మరెక్కడుంది?

అవతలి సభ్యుడికి నిద్ర పట్టలేదు. తానూ ఒకటి మొదలుపెట్టాడు. "తమ్ముడూ! మాది మీదానికంటే పొడుగు!" అని బ్యానరు గట్టుమీంచి అరిచాడు. అది నిజమే. అటునుంచి లేచి, కాలువ నడుమకు వచ్చి, మంత్రిగారి వంపుకు ఎదురుగా మరో వంపు తిరిగి, అటే దిగింది. దానికీ కటకటాల బదులు ఫొటోనే. ఇద్దరు నాయకులూ చిరునవ్వుతో ఒకరినొకరు చూసుకుంటూ ఉంటే, రెండు వంతెనలూ ఎదురుపడి మొహాలు తిప్పుకున్న వియ్యంకుల్లా ఉన్నాయి. మధ్య ఖాళీ ఒక మంచమంత.

ఆ సాయంత్రం ఆవిడ పెట్టెతో అటు వంపు దగ్గరికి వచ్చింది. ఇతను ఇటు. ఫొటోల పక్కనుంచి తొంగి చూసుకున్నారు. ఇన్నాళ్లకు మైకు లేకుండా వినబడింది.

"బాగా చిక్కిపోయారు."

"నువ్వు మాత్రం..."

"ఊఁ?"

"ఏం లేదులే. వచ్చేస్తావా?"

"కొత్త వంతెన మీదే వస్తానన్నాను. ఇదీ కొత్తదే, అదీ కొత్తదే. నా మాటకు లోటు లేదు. ఈ మధ్య సంగతి మీరు చూసుకోండి."

మైకు పరుగున పోయి వరండాలోని చెక్క ఎత్తుకొచ్చాడు. ఇటు తమ నాయకుడి ఫొటో ముడి విప్పి, తలుపులా పక్కకు నెట్టాడు. అటు బ్యానరు తాను కట్టిన ముడి తానే విప్పాడు. "ముడి మంచిదే తమ్ముడూ, ఫొటోలో మనిషే బరువు," అంటూ చెక్క రెండో కొస అందుకున్నాడు. ఆవిడ ముందు పెట్టె అందించి, కళ్లు మూసుకుని, పైవాణ్ణి తలుచుకుని దాటేసింది.

తెల్లవారేసరికి ఊరంతా ఆ చెక్క మీదే. పిల్లలు బడికి, రోగులు ఆస్పత్రికి, అత్తలు కోడళ్లను చూడటానికి, కోడళ్లు అత్తల్ని తప్పించుకోవడానికి. నడిమధ్యకు రాగానే అందరికీ మళ్లీ దైవభక్తి. ఇంట్లో మైకు వేళకు తింటున్నాడు. ఏం తిన్నావంటే మొహమాటం లేకుండా చెబుతున్నాడు.

సంగతి మంత్రిగారి చెవిన పడింది. వెంటనే వచ్చి చూశారు. చెక్క మీద వేలితో తట్టి, విచారంగా తల ఊపారు. మైకు వంపు దగ్గరే వేదిక కట్టి, వైరు కలిపి, "హలో, హలో" అన్నాడు. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.

"ఈ చెక్క ముసలిదైపోయింది..."

చప్పట్లు మోగాయి. గట్టుమీద యంత్రం అప్పుడే దించుతున్నారు.

ఇంట్లో ఆవిడ పొయ్యి ఆపి, బీరువా మీది పెట్టె కిందికి దించింది. చీరలు మడతపెట్టి, వాటి పక్కన ఈసారి మైకు చొక్కాలు కూడా సర్దడం మొదలుపెట్టింది.