సిస్టర్ తెరేసమ్మ మౌన దినం

"నాకు చేతకావడం లేదని మీకెవరు చెప్పారు మదర్?" సిస్టర్ తెరేసమ్మ అప్పటికి మూడోసారి అడిగింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆవిడ అటు చూడలేదు.

"ఒకరు చెప్పాలా? డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి. మోకాళ్ళు వాచిపోతున్నాయి. ఏలూరులో పెద్ద సిస్టర్ల ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చుగా," అంది మదర్ ఫిన్నీ, గిన్నె దించుతూ.

"అక్కడ నన్ను వంటింటి గడప తొక్కనిస్తారా?"

"తొక్కనివ్వరు. విశ్రాంతంటే అదేగా!"

గుణదల కొండ దిగువ సందులో ఉన్న ఆ కాన్వెంట్‌లో అయిదుగురు సిస్టర్లు. ఇరవై ఆరేళ్ళుగా వంటిల్లు తెరేసమ్మది. నలభై రెండేళ్ళ ఫిన్నీ అక్కడికి మదర్‌గా వచ్చి ఏడాదైంది. గుంటూరులో ఉండి తమ కాన్వెంట్లన్నిటినీ చూసే ప్రొవిన్షియల్ మదర్‌కి ఆమె ఈ వారంలోనే ఉత్తరం రాసేసింది. తెరేసమ్మగారు బాగా నీరసించారనీ, పొయ్యి ముందు నిలబడలేకపోతున్నారనీ, ఏలూరు పంపిస్తే మంచిదనీ ఆ ఉత్తరం సారాంశం. అక్కణ్ణుంచి బదిలీ కాగితం వస్తే ఇక ఎదురు చెప్పడం ఉండదు, పెట్టె సర్దుకోవడమే. తెరేసమ్మ ఆరాటమంతా ఆ కాగితం వచ్చేలోపే ఏదో ఒకటి చెయ్యాలని.

మర్నాడు శనివారం, నెలకోసారి వచ్చే ధ్యాన దినం. పొద్దున పూజ అయినప్పటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఎవరూ పెదవి విప్పకూడదు. ఫోన్లన్నీ ఆపి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. సైగ చేసినా మాట్లాడినట్టేనని ఫిన్నీ కొత్తగా ఇంకో నియమం చేర్చింది.

"ఇవాళైనా మీ నోరు ఆగుతుందా అని," అంది ఫిన్నీ, ఆ పొద్దున పూజకి వెళ్తూ.

"ఆగుతుంది. చూస్తూ ఉండండి," అంది తెరేసమ్మ.

ఆవిడ భయమల్లా చేపల అంకాలమ్మ గురించే. శనివారం తొమ్మిదింటికి అంకాలమ్మ గేటు దగ్గర తట్ట దించిందంటే ఇద్దరికీ అరగంట బేరం. చేప మొప్ప ఎత్తి చూశాక నోరు మూసుకుని ఉండడం తన వల్ల కాదని తెరేసమ్మకు తెలుసు. అందుకని ముందు రోజే రుబ్బి ఉంచిన వడియాల పిండి పట్టుకుని, మోకాళ్ళ మాట కూడా మరిచిపోయి, ఫిన్నీ చూస్తుండగానే మేడెక్కి తలుపు గడియ పెట్టుకుంది.

"తెరేసమ్మగారో! కొరమీను తెచ్చానండీ!"

అంకాలమ్మ నాలుగు కేకలేసినా జవాబు లేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. ధ్యాన దినాల్లో మధ్యాహ్నానికి రాత్రే కలిపి ఉంచిన పెరుగన్నమే కాబట్టి పొయ్యితో పని లేదు. శనివారం నాడు ధ్యాన దినం పడడం అదే మొదటిసారి కాబట్టి ఆ సంగతి అంకాలమ్మకు తెలియదు. చిన్న సిస్టర్ హేమ గేటు దగ్గరికి వచ్చింది. మూడు రోజులుగా జలుబు. కళ్ళూ ముక్కూ ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మగారేరీ చిన్నమ్మగారూ? ఒంట్లో బానే ఉంది గదా?"

హేమ తలొంచుకుని, చేతులు జోడించి, లోపలికి వెళ్ళిపోయింది. పెరట్లో మిగిలిన సిస్టర్లు జపమాలలు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా నడుస్తున్నారు. అంకాలమ్మ అక్కడే కూలబడి, "పెద్దమ్మగారు పోయారో!" అని ఏడుపందుకుంది.

ఎదురింట్లోంచి మల్లేశ్వరరావు పరుగున వచ్చాడు. గవర్నర్‌పేటలో ఆయనకి చేనేత బట్టల కొట్టు ఉంది. సిస్టర్లందరి చీరలూ ఆయనే నేయించి ఇస్తాడు.

"ఎప్పుడు పోయారు?"

"తెల్లారగట్లే అయ్యుంటదండీ. పొయ్యి కూడా ఎలిగించలా. పాపం ఆ చిన్నమ్మగారికి మాటే రావట్లా!"

ఆయన ఫిన్నీకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. మిగతావాళ్ళవీ అంతే. ఇంత దుఃఖంలో ఫోన్లెవరు చూసుకుంటారనుకుని, గుంటూరుకే చేశాడు. ప్రొవిన్షియల్ మదర్ టేబుల్ మీద ఫిన్నీ ఉత్తరం ఇంకా విప్పే ఉంది. "నీరసంగా ఉన్నారని రాసింది గానీ, ఇంతలోనేనా!" అని ఆవిడ కారు తియ్యమంది.

పదకొండింటికల్లా సందులో షామియానా లేచింది, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఆ తర్వాత ట్రాలీ ఆటోలో ఫ్రీజర్ పెట్టె కూడా దిగింది. మల్లేశ్వరరావు దగ్గరుండి కొట్టించిన ఫ్లెక్సీ గేటుకి కట్టారు. దాని మీద 'సిస్టర్ తెరేసమ్మ గారికి కన్నీటి నివాళి' అని రాసి, పక్కన ఆవిడ సిస్టరైన యాభయ్యేళ్ళ జూబిలీ నాటి ఫోటో వేశారు.

చాపెల్‌లో ఉన్న ఫిన్నీకి బయటి గోల వినిపించకపోలేదు. ఏ పార్టీ మీటింగో అనుకుని, ఇది తన ఏకాగ్రతకు పరీక్షని కిటికీ మూసేసింది. ఫ్రీజర్ పెట్టె చూసి హడలిపోయిన హేమ వచ్చి ఎదురుగా నిలబడింది. చెప్పడానికి లేదు, సైగకీ లేదు. ఫిన్నీ కళ్ళు తెరవలేదు. హేమ కూడా ఆమె పక్కనే మోకరించి, ఇక దేవుడే చెప్పాలని ప్రార్థన మొదలుపెట్టింది.

వడియాలు పెట్టడం అయ్యాక తెరేసమ్మ పిట్టగోడ మీంచి తొంగి చూసింది. ముందు తన ఫోటో కనిపించింది. ఫ్లెక్సీని రెండుసార్లు చదివింది. కింద అంకాలమ్మ ఏడుస్తోంది. "ఎంత బేరమాడినా ఆఖర్న గ్లాసుడు కాఫీ చేతిలో పెట్టేదండీ!" తెరేసమ్మకు కళ్ళు చెమర్చాయి.

"కాఫీ కొంచెం పల్చగా ఉండేదనుకో," అంది ఇంకెవరో.

తెరేసమ్మ పిట్టగోడ గట్టిగా పట్టుకుంది. నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. గబగబా మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. పావుగంటలో ట్రే నిండా కాఫీ గ్లాసులతో వీధి గుమ్మంలోకి వచ్చింది. చిక్కటి కాఫీ.

ముందు వరసలో కూర్చున్నావిడ తలెత్తకుండానే గ్లాసు తీసుకుని, "ఎంత మంచావిడో!" అని నిట్టూర్చింది. ఒక గుక్క తాగి తలెత్తింది. ఆవిడ పెట్టిన కేకకి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"బతికుంటే బతికున్నానని ఒక్క మాట చెప్పద్దాండీ! కొరమీను కూడా పాడైపోయింది!" అని అంకాలమ్మ తెరేసమ్మని వాటేసుకుని తిట్టింది. తెరేసమ్మ మాట్లాడకుండా ఆమె చేతిలోనూ ఒక గ్లాసు పెట్టింది.

అప్పుడే ప్రొవిన్షియల్ మదర్ పెద్ద పూలదండతో కారు దిగింది. కేకలకి చాపెల్‌లోంచి పరుగెత్తుకొచ్చిన ఫిన్నీ, "ఎవరు పోయారు?" అని అరిచింది. పూజ అయ్యాక ఆ కాన్వెంట్ సిస్టర్ల నోట వినపడిన మొదటి మాట అదే.

"తెరేసమ్మగారు పోయారని ఫోన్ వచ్చింది. నీరసించిపోయారని నువ్వేగా రాశావు!"

"నీరసమా! ఆవిడకేం మదర్, నిక్షేపంలా ఉన్నారు!" ఫిన్నీ అంతమందికీ వినపడేలా చెప్పసాగింది. "చూడండి, మేడెక్కి దిగారు. ఇంతమందికి ఒంటిచేత్తో కాఫీ పెట్టారు. మా అందరికంటే గట్టిగా ఉన్నారు!"

ప్రొవిన్షియల్ మదర్ దండ పక్కన పెట్టి ఒక గ్లాసు అందుకుంది. "మరైతే ఆ ఉత్తరంలో రాసింది ఎవరి గురించి?" అని నెమ్మదిగా అడిగింది.

ఫిన్నీ గబగబా వెళ్ళి గేటుకి కట్టిన ఫ్లెక్సీ విప్పసాగింది.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆరుగురూ కూర్చున్నారు. ప్రొవిన్షియల్ మదర్ పప్పు వడ్డించుకుంటూ, గొంతు పెంచకుండానే చెప్పింది: "తెరేసమ్మగారు ఇక్కడే ఉంటారు. అయితే ఇంత పని ఒక్కరే చెయ్యకూడదు. రేపటి నుంచి ఫిన్నీ వంటింట్లో ఆవిడకి సాయంగా ఉంటుంది."

తెరేసమ్మ ఫిన్నీ కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి, "నాలుగింటికి లేవాలమ్మా," అంది.