ప్రారంభోత్సవం కాని దీపం

మధ్యాహ్నం రెండు గంటలు. గాలి పడిపోయింది. సముద్రం మీంచి పొగమంచు లేస్తోంది.

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టడానికి వీల్లేదు. ఇది ఉత్తర ధ్రువానికి దగ్గర, చెట్టు మొలవదు. జంతువులు మాత్రం ఉన్నాయి. జంతువులున్నాక కమిటీ కూడా ఉంటుంది.

ఈ చిన్న రేవులో చేపలు పట్టేది తెల్లనక్కలు. అడవి నక్కలకు జిత్తులుంటాయేమో, వీళ్ళకు వలలు తప్ప ఏమీ లేవు. నక్క తెల్లమ్మ ఒడ్డున నిలబడి సముద్రంకేసి చూస్తోంది. పొద్దున్నే రెండు పడవలు వెళ్ళాయి. ఒకదాంట్లో పొరుగింటి నలుగురు. రెండోదాంట్లో ఆమె మొగుడు కొండయ్య, కూతుళ్ళు చుక్కి, వెన్నెల.

రేవులో సౌకర్యాలకు లోటు లేదు. పై ఆఫీసు పంపిన పట్టికలో ఐస్ ప్లాంటు ఉందా అని అడిగారు కనక, కమిటీ అధ్యక్షులు వాల్రస్ దంతయ్యగారు ఆ మంచుగడ్డ మీదే ఐస్ ప్లాంటు కట్టించారు. మరుగుదొడ్డి ఉంది, వాడితే పాడవుతుందని తాళం వేశారు. జెట్టీ ఉంది, మధ్య చెక్కలు పోయినా రెండు చివరలూ ఉన్నాయి. కొత్తగా రేవు మొగదల బండ మీద పెద్ద దీపం పెట్టించారు. దానికి గుడ్డ కప్పి ఉంది. ఇవాళ తనిఖీకి వచ్చే ఎలుగుదొర ఆ గుడ్డ తీసి వెలిగిస్తారు. ఆయన మెచ్చితే ‘మొదటి తరగతి రేవు’ అని బోర్డు వస్తుంది.

దీపం లేని రోజుల్లో పడవల్ని ఒడ్డుకు చేర్చింది కాకులు. నక్కలు చేపలు కోసి పేగులూ తలకాయలూ ఆ బండ మీదే కుప్ప పోసేవి. దానికోసం సముద్రపు కాకులు వందల్లో చేరి పోట్లాడుకునేవి. ఎంత పొగలోనైనా ఆ గోల వినబడ్డ వైపు తెడ్డేస్తే రేవు. తాతలనాటి పద్ధతి.

నిన్న కమిటీ చాటింపు వేయించింది. దొరగారి ముక్కుకు కంపు, చెవికి గోల తగలకూడదు, ఇంటికొకరు చీపురుతో రావాలి అని. తెల్లమ్మ వెళ్ళింది. తన చేత్తోనే బండ ఊడ్చింది. ఊడుస్తూనే, పొగమంచు పడితే ఎలాగని అడిగింది. గుమాస్తా గుడ్లగూబ కాగితాలన్నీ తిరగేశాడు.

“కాకుల గోల సౌకర్యాల పట్టికలో లేదమ్మా,” అన్నాడు.

కుప్పంతా ఐస్ ప్లాంటులో దాచారు. కట్టాక అందులో ఏదైనా పెట్టడం అదే మొదలు.

ఇప్పుడు బండ తళతళలాడుతోంది. ఒక్క కాకి లేదు. పొగ జెట్టీ దాకా వచ్చేసింది.

తెల్లమ్మ దంతయ్యగారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన స్వాగత ద్వారం కింద కూర్చుని ఉన్నారు. దీపానికి తెచ్చిన అగ్గిపెట్టె వెండి పళ్ళెంలో ఉంది. పళ్ళెం ఆయన పొట్ట కింద ఉంది.

“దీపం వెలిగించండి అయ్యగారూ. పిల్లలు సముద్రంలో ఉన్నారు.”

“ఇప్పుడే వెలిగిస్తే దొరగారొచ్చి ఏం వెలిగిస్తారు తెల్లమ్మా?”

“దొరగారు దేంట్లో వస్తున్నారు?”

“పడవలో.”

“ఈ పొగలోనా?”

దంతయ్యగారు దంతాలెత్తి పైకి చూపించారు. “స్వాగత ద్వారం కట్టాం కదా,” అన్నారు.

తెల్లమ్మ వెనక్కి తిరిగింది. ఐస్ ప్లాంటు తలుపు భుజంతో తోసింది. దాచిన పేగులూ తలకాయలూ గంపకెత్తి, ఈడ్చుకెళ్ళి, నిన్న ఊడ్చిన చోటే పోసింది. నాలుగో గంపకు ఒక కాకి వచ్చింది. దాన్ని చూసి ఇంకోటి. ఆరో గంపకు గొడవ మొదలైంది. గుమాస్తా వచ్చి ఆమె పేరు రాసుకున్నాడు.

పొరుగింటి పడవ పొగలోంచి బయటపడింది. నలుగురు. కొండయ్య పడవ తమ వెనకే ఉండిందనీ, తర్వాత కనబడలేదనీ చెప్పారు.

ఆ తర్వాత వచ్చింది ఎలుగుదొర పడవ. ఆయన స్వాగత ద్వారం చూడలేదు, దండ వేయించుకోలేదు. వాసన పట్టుకుని తిన్నగా బండెక్కి కుప్ప తినడం మొదలుపెట్టారు. కుప్ప అయిపోతే కాకులు పోతాయి. కాకులు పోతే కొండయ్య పడవకు దారి లేదు.

కానీ కాకులకు హోదాలు తెలియవు. తమ తిండి తింటున్న దొర నెత్తిన పడి పొడిచాయి. దొర గర్జించారు. రేవు పుట్టాక అంత గోల ఎవరూ వినలేదు.

ఆ గోలలోనే తెడ్ల చప్పుడు వినబడింది.

“ఇందాకట్నుంచి ఇక్కడిక్కడే తిరుగుతున్నామే అమ్మా,” అంది చుక్కి పడవలోంచే. “ఊరే లేచిపోయిందనుకున్నాం.”

సాయంత్రానికి పొగ విడిపోయింది. నెత్తిన కట్టుతో ఎలుగుదొర దీపం వెలిగించి, భోజన సౌకర్యం అమోఘమని పట్టికలో రాశారు. బోర్డు వచ్చింది. కొత్త దీపం వెలుగులో రెండు పడవలు క్షేమంగా చేరాయని గుమాస్తా నమోదు చేశాడు. బండ మళ్ళీ ఊడవాలని చాటింపు వేశారు. కథకు నీతి కూడా కమిటీయే తీర్మానించి జెట్టీకి అంటించింది: ‘దారి తప్పదలచిన వారు ప్రారంభోత్సవం అయ్యాకే తప్పవలెను.’

తెల్లమ్మ అది చదవలేదు. చప్పట్లు కొట్టమంటే కొట్టలేదు. వేళ్ళు ఖాళీగా లేవు. పొరుగింటి వాళ్ళు నలుగురు. కొండయ్య ఐదు. చుక్కి ఆరు. వెన్నెల ఏడు. మళ్ళీ మొదటినుంచి. పొరుగింటి వాళ్ళు నలుగురు. కొండయ్య ఐదు.