కెల్సో తెప్పించుకున్న పూలు

ఆ శనివారం పొద్దున బ్రెండన్ కెల్సో పెట్టుకున్న పనులు మూడే. జుట్టు కత్తిరించుకోవాలి, నల్ల కోటు లాండ్రీ నుంచి తెచ్చుకోవాలి, తనకు తానే పూలు పంపుకోవాలి.

సియోల్‌లో చిత్రప్రదర్శన పెట్టినవాడి గొప్పతనం గోడ మీద ఉండదు, గుమ్మం ముందు ఉంటుంది. మనిషి కంటే ఎత్తున్న పూల స్టాండ్లు ఎన్ని నిలబడ్డాయి, వాటికి వేలాడే రిబ్బన్ల మీద ఎవరెవరి పేర్లున్నాయి అన్నది చదువుకున్నాకే జనం లోపలికి అడుగుపెడతారు. కెల్సో న్యూజిలాండ్ నుంచి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇంతవరకూ ఆయనకు పూలు పంపే మనిషి ఒక్కడూ తయారు కాలేదు. తప్పు ఎవరిదంటే, ఆయన దృష్టిలో కొరియా దేశానిది.

ఆయన చిన్నపిల్లల ట్యూషన్ సెంటర్లో ఇంగ్లిష్ పాటలు పాడిస్తూ పొట్టపోసుకునేవాడు. దాన్ని "తాత్కాలిక ఏర్పాటు" అనేవాడు. మిగతా వేళల్లో బొమ్మలు వేసేవాడు. ఆ బొమ్మలన్నిటిలోనూ ఒకే మనిషి ఉండేవాడు, ఆ మనిషి ఆయనే. ఆ సాయంత్రం మొదలయ్యే ప్రదర్శనకు క్వాంగ్జు నుంచి తక్ యున్‌హా అనే క్యూరేటర్ వస్తోంది. ఆమెకు నచ్చితే శరదృతువులో పెద్ద కళాభవనంలో చోటు దొరుకుతుంది. నచ్చుతుందన్న ధీమాతో కెల్సో శుక్రవారమే ట్యూషన్ డైరెక్టరు మొహం మీద, పిల్లలందరి ముందూ, "సోమవారం నుంచి మీ కోతిపాటలు మీరే పాడుకోండి" అని చెప్పి వచ్చేశాడు. ఇప్పుడు క్యూరేటర్ కాదంటే మళ్ళీ వెళ్లి ఆ డైరెక్టరు కాళ్లు పట్టుకోవాలి.

కాబట్టి పూలు తప్పనిసరి. కాఫీ తాగుతూ ఫోన్‌లో పూలకొట్టు వాళ్ల బొమ్మలు చూశాడు. గులాబీ రంగు, నారింజ రంగు, మూడంతస్తుల హంగామా. "ఛీ, వీళ్లకు రంగు అంటే ఏమిటో తెలీదు" అనుకున్నాడు. ఇంకాస్త కిందికి జరిపితే తెల్ల చామంతుల స్టాండ్లు కనిపించాయి. నిండుగా, హుందాగా ఉన్నాయి. ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో అన్నం తిన్న మనిషికి ఆ తెల్ల పూలు ఏ ఇంటి ముందు నిలబడతాయో తెలియకపోవడం మామూలు విషయం కాదు. దానికి చాలా గర్వం కావాలి. పంపినవాళ్లుగా దక్షిణ సముద్ర చిత్రకళా సంఘం లాంటి పేర్లు కల్పించి, ఐదు పంపమని ఆర్డరిచ్చాడు.

పూలకొట్టు ఆవిడ ఫోన్ చేసింది. "ఎవరి కోసం సార్ ఈ పూలు?"

"చిత్రకారుడు కెల్సో కోసం."

"వయసెంతండీ?"

"నలభై ఒకటి."

"అయ్యో, ఇంత చిన్న వయసులోనా!"

"అవునండీ, లోకం ఇప్పటికి గుర్తించింది" అన్నాడు కెల్సో.

"రిబ్బన్ మీద మాటలు మేమే మర్యాదగా రాసేస్తాం సార్, మీరేం బెంగపడకండి" అని ఆవిడ గొంతు తగ్గించి చెప్పి ఫోన్ పెట్టేసింది.

ప్రదర్శన పెట్టిన గ్యాలరీ మున్‌రే పేట ఇనుపవీధిలో ఒక లేత్ షాపుకీ ఒక సూపు హోటలుకీ మధ్య ఉంది. కెల్సో క్షౌరం చేయించుకుంటూ ఉండగా పూలు దిగాయి. లేత్ షాపు మేంగ్ దొక్‌బే చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి చూశాడు. గుమ్మం ముందు ఐదు తెల్ల స్టాండ్లు, అద్దంలోంచి నల్ల ఫ్రేములో నిలువెత్తు కెల్సో. బొమ్మలో రంగు చుక్క కూడా లేదు, ఉన్నదల్లా నలుపూ తెలుపూ. మేంగ్ అక్కణ్ణుంచే కేకేశాడు. "ఓక్‌బున్ పిన్నీ! మన తెల్ల మాస్టారు పోయాడు!"

హోటలు పిన్ని గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "నోరు ముయ్యి! నిన్ననేగా గుడ్డు ఎక్కువెయ్యమని నాతో పోట్లాడాడు?"

"రిబ్బన్ చదువు మరి. ఆత్మకు శాంతి కలగాలని రాసుంది. వాళ్ల దేశం సంఘం కూడా పంపింది."

గ్యాలరీ యజమాని ప్యో మేడమ్ వచ్చి కెల్సోకి ఫోన్ చేసింది. ఆయన మంగలి కుర్చీలో కూర్చోగానే ఫోన్ ఆపేశాడు. గొప్ప కళాకారుడు ప్రదర్శన రోజున ఎవరికీ దొరకకూడదని ఆయన సిద్ధాంతం. మేడమ్ ఇంకోసారి ప్రయత్నించి, నిట్టూర్చి, స్టాండ్లు లోపలికి జరిపించి, ఫ్రేముకు నల్ల పట్టీ కట్టింది. మేంగ్ వీధి మొత్తం తిరిగి మెషిన్లు ఆపించాడు. పిన్ని చావింట పెట్టే ఎర్రటి బీఫ్ సూపుకు పెద్ద గుండిగ ఎక్కించింది.

కెల్సో అందరికంటే చివర ప్రవేశించాలని వెనకసందు లోంచి స్టోరు గదిలోకి దూరి, తెర సందులోంచి చూడసాగాడు. ఆయన ఒళ్లు పులకరించింది. హాలు నిండా నల్ల దుస్తులవాళ్లు! ఒక్కొక్కళ్లే వచ్చి, చెప్పులు విడిచి, తన బొమ్మ ముందు నేలకు నుదురు ఆనించి రెండేసిసార్లు మొక్కుతున్నారు. సంవత్సరాదికి ట్యూషన్ పిల్లలు తనకు ఒక్కసారే మొక్కారు. ఇక్కడ రెండు మొక్కులు పోయినవాళ్లకేనన్నది తెలియక, రెండుసార్లంటే రెట్టింపు గౌరవమని లెక్క వేసుకున్నాడు. ఎవరో అగరొత్తులు వెలిగిస్తే వాతావరణం కోసమనుకున్నాడు. ఒకాయన ఏడుస్తుంటే కళకు కరిగిపోయాడనుకున్నాడు. వెనకవరసలో క్యూరేటర్ యున్‌హా నల్ల జాకెట్‌లో కూర్చుని సూపు తాగడం చూసి, "ఇంక నాదే" అని తనే చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

అప్పుడు పిన్ని ముక్కు చీదింది. "ఏ జబ్బు దాచుకున్నాడో పాపం. పరాయి దేశంలో దిక్కులేని చావు."

కెల్సోకి పూలు, పట్టీ, మొక్కులు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. బుద్ధున్నవాడైతే ఆ క్షణంలోనే బయటికొచ్చి క్షమించమనేవాడు. కెల్సో రాలేదు. చచ్చాక తన గురించి ఏమనుకుంటారో వినే అవకాశం ఎందరికి దొరుకుతుంది? చెవి తెరకు ఆనించాడు.

"మంచివాడా అంటే కాదు" అన్నాడు మేంగ్ కళ్లొత్తుకుంటూ. "రోజూ కాఫీ కప్పు తెచ్చి నా లేత్ మీద పెట్టేవాడు. తియ్యమంటే అది అందమైన దృశ్యం అనేవాడు. పళ్లు రాలగొడదామనుకున్నా. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది."

"పలకరిస్తే సగం మాటకే మొహం తిప్పుకునేవాడు" అంది పిన్ని. "కానీ గిన్నె అడుగు దాకా నాకేవాడు నాయనా. ఆకలి మటుకు నిజాయితీగా ఉండేది."

"మరి ఆయన బొమ్మలు?" అని అడిగింది యున్‌హా.

వీధి వీధంతా తలలు దించుకుంది. చివరికి పిన్నే నోరు విప్పింది. "పోయినవాడి గురించి చెడు అనకూడదు. అందుకే బొమ్మల గురించి మాట్లాడుకోవద్దమ్మా."

దిక్కులేని చావు అన్నా ఓర్చుకున్నవాడు ఈ మాట ఓర్చుకోలేకపోయాడు. తెర లాగేసి హాల్లోకి దూకాడు. "బొమ్మలకేం తక్కువ? నీకేం తెలుసు పిన్నీ బొమ్మల గురించి?"

పిన్ని చేతిలో గిన్నె నేలపాలైంది. ప్యో మేడమ్ గోడకు అంటుకుపోయింది. మేంగ్ మాత్రం వెళ్లి, కెల్సో బుగ్గ గట్టిగా గిల్లి చూసి, వేడిగా ఉందని తేలాక చొక్కా కాలరు పట్టుకున్నాడు. "ఒరే, బతికే ఉన్నావా! నీ కోసం వీధిలో మెషిన్లన్నీ ఆపించానురా! మోకాళ్ల నొప్పులతో రెండుసార్లు మొక్కానురా!"

"ఆ పూలు పంపినవాళ్లెవరు?" అని ప్యో మేడమ్ నిలదీసింది. కెల్సో కోటు గుండీలు చూసుకున్నాడు. అంతే, అందరికీ తెలిసిపోయింది. "తనకు తానే పాడె కట్టుకున్నాడు!" అని పిన్ని నెత్తి కొట్టుకుంది. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది.

యున్‌హా మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, మెల్లగా చప్పట్లు కొట్టింది. "నేను ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదు. ఒక వీధి మొత్తం నిజంగా ఏడ్చింది. మాస్టారూ, ఇదంతా మీ ఆలోచనేనా?"

క్షణం క్రితం వరకూ ఎర్రబడ్డ కెల్సో మొహం తెల్లబడి, మళ్ళీ వెలిగిపోయింది. "అవును" అన్నాడు. "ఏడాదిగా ఆలోచిస్తున్నాను."

"ఈ సూపు కూడానా?"

"సూపు మరీ ముఖ్యం."

"నీ మొహం!" అంది పిన్ని. "ముల్లంగి తరిగింది నేను, నీ ఆలోచనా?"

"శరదృతువులో ఇది మొత్తం క్వాంగ్జుకు కావాలి" అంది యున్‌హా. "ఈ పూలు, ఈ సూపు, ఈ ఏడుపులు. పిన్ని గారూ, మేంగ్ గారూ, మీరిద్దరూ రావాలి. బస ఏర్పాట్లు మావి."

"అక్కడ కూడా మొక్కాలా?" అన్నాడు మేంగ్ మోకాలు రుద్దుకుంటూ.

"మెత్తటి పరుపు వేయిస్తాను." తర్వాత ఆమె గోడలకేసి చూసింది. "బొమ్మలొద్దు. ఆ ఫ్రేములోది ఒక్కటి చాలు."

కెల్సో ఒకడుగు ముందుకేశాడు. "మరి నేను?"

"మీరు పోయారు కదా మాస్టారూ! పోయిన మనిషి హాల్లో తిరుగుతుంటే ఇంక ఏడ్చేదెవరు? ప్రదర్శన జరిగినన్నాళ్లూ మీరు ఆ ఊళ్లో అడుగు పెట్టకూడదు. అది నాది అని ఎక్కడా అనకూడదు. ఒప్పుకుంటే సంతకం పెట్టండి."

కెల్సో మేంగ్ వైపు చూశాడు, పిన్ని వైపు చూశాడు. వాళ్లిద్దరూ అప్పుడే ప్రయాణానికి పెట్టెలు ఎక్కడ కొనాలో మాట్లాడుకుంటున్నారు. సంతకం పెట్టాడు. పేరు దక్కని ప్రదర్శన కూడు పెట్టదు కాబట్టి సోమవారం తెల్లారకముందే ట్యూషన్ డైరెక్టరు గుమ్మం దగ్గర నిలబడి, ఆయన తలుపు తీసేదాకా వంగే ఉన్నాడు. పిల్లల ముందు కూడా వంగమని డైరెక్టరు అంటే, వంగాడు.

శరదృతువులో క్వాంగ్జులో జనం బారులు తీరారు. ఓక్‌బున్ పిన్ని కన్నీళ్ల గురించి, మేంగ్ దొక్‌బే నడుం వంపు గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. కెల్సో లేకపోవడాన్ని మాత్రం ప్రత్యేకంగా మెచ్చుకున్నాయి.