రెండోసారి అడిగితే

సమాజ క్షేమం కోసం సమాజాన్ని ఖాళీ చేయించాలని విశ్వవిద్యాలయం ఏకగ్రీవంగా తీర్మానించింది! హాలు దద్దరిల్లేలా చప్పట్లు కూడా కొట్టారు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నది ఒక్క ప్రొఫెసరమ్మే.

ఆమె కొండజనం ఆడపడుచు. సంఘసేవ పాఠాలు చెప్పే ప్రొఫెసరుగిరీ దాకా ఎక్కిన మొదటి మనిషి ఆ జనంలో ఆమే. కొండ దిగి వలసొచ్చిన తనవాళ్ళు ఎలా బతుకుతున్నారు, ఏముంటే క్షేమంగా ఉన్నట్టు అని ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగి పరిశోధించి పుస్తకం రాసింది. అది విని ఒక పెద్ద దాత ముచ్చటపడి, వాళ్ళ కోసం 'వలసజన క్షేమ భవనం' కట్టిస్తానన్నాడు. విశ్వవిద్యాలయం డైరెక్టరు గారు దానికి ఎంచిన స్థలం తమ ఆవరణ వెనకున్న రేకుల ఇళ్ళ వరస. ఆ ఇళ్ళలో ఉండేది సాక్షాత్తూ ఆ వలసజనమే! వరసలో మొదటి ఇల్లు, తల్లి పోయాక ప్రొఫెసరమ్మను పెంచిన పిన్నిది.

"సార్, ఎవరి క్షేమానికి కడుతున్నామో వాళ్ళ కొంపలే కూలుస్తామా?" అని అడిగింది ప్రొఫెసరమ్మ.

"మీరు మరీ చిన్నగా ఆలోచిస్తున్నారు మేడమ్! వాళ్ళకి వలస పోవడం కొత్తా ఏమన్నానా? ఇంకో చోటికి పోతే మీకు ఇంకో పుస్తకం!"

"నా పుస్తకం కోసం మా పిన్ని మోకాళ్ళు కదలవు సార్."

"అయ్యో, ఆవిణ్ణి మర్చిపోతామా? భవనంలో ఆవిడ ఫోటో పెడదాం. నిలువెత్తుది!"

డైరెక్టరు గారి తొందరకి కారణం లేకపోలేదు. భవనం వస్తుందన్న భరోసా మీద ఆయనకి ముందుగానే తోటతో సహా ఒక బంగళా ఇచ్చేశారు. దాత వచ్చి శంకుస్థాపన రాయి వేస్తే మర్నాడే ఇళ్ళు కూలతాయి. వేయకపోతే భవనమూ లేదు, కూల్చడమూ లేదు. ఆ రాయి ఎలా ఆపాలో తోచక ప్రొఫెసరమ్మ రాజీనామా చేస్తానంటే, పిన్ని కస్సుమంది.

"ఒసే పిచ్చిదానా, నోరు మూసుకుని ఉద్యోగం చేసుకో! లోపల మనదంటూ ఒక గొంతుండాలి."

"నోరు మూసుకుంటే గొంతెందుకు పిన్నీ?"

"అవసరం పడ్డప్పుడు తెరుద్దువుగాని."

ఇంతలో దాత కబురు పంపాడు. రాయి వేసే ముందు ఆ జనాన్ని కళ్ళారా చూసి నాలుగు మాటలు మాట్లాడతాడట! డైరెక్టరు గారికి చెమట్లు పట్టాయి. ఆ జనం నోరు విప్పితే వచ్చే మొదటి మాట 'మా ఇల్లు కూలుస్తున్నారు బాబోయ్' కాదూ! అయితే పెద్ద తల ఊరికే పెద్దదవుతుందా? జనాన్ని ఆ రోజుకి బస్సెక్కించి విహారయాత్రకి పంపాలనీ, వాళ్ళ చోట ఆఫీసు సిబ్బందిని నిలబెట్టాలనీ నిర్ణయించారు.

"మేడమ్, మా వాళ్ళకి మీ మర్యాదలు నేర్పండి. అంతా అసలుసిసలుగా ఉండాలి. మన సంస్థలో నకిలీకి చోటు లేదు!"

ప్రొఫెసరమ్మకి ఒళ్ళు మండింది. అయినా కోపం దిగమింగి, "ఉన్నదున్నట్టు నేర్పుతాను సార్," అంది. అలాగే నేర్పింది కూడా.

"మాలో గుమ్మంలోకి వచ్చిన మనిషి ఏది అడిగినా 'మాకేం లోటు లేదయ్యా, మీరు చల్లగా ఉన్నారా?' అనే అంటాం. వచ్చీరాగానే కష్టాలు నెత్తిన పొయ్యకూడదు. ఆ మనిషి కూర్చుని, మంచినీళ్ళు తాగి, రెండోసారి అడిగితే అప్పుడు చెప్తాం అసలు సంగతి." డైరెక్టరు వైపు తిరిగింది. "నా పరిశోధనంతా ఇదే సార్. మొదటి మాట విని వెళ్ళిపోయినవాళ్ళందరూ మా జనానికి ఏ లోటూ లేదని తేల్చేశారు. దాతగారిని కూర్చోబెట్టి రెండోసారి అడగనివ్వండి."

ఆ పరిశోధన పుస్తకాన్ని ఆవిష్కరించింది డైరెక్టరు గారే. చదవడం మాత్రం ఆయన శాఖ కాదు. "రెండోసారికి టైమెక్కడిది మేడమ్? ఆయనకి విమానం ఉంది. మొదటిసారి చాలు!"

ఆ రోజు రానే వచ్చింది. అసలు జనం బస్సెక్కారు. సిబ్బంది ఇస్త్రీ చేసిన చిరుగుబట్టలు కట్టుకుని ఇళ్ళ ముందు నిలబడ్డారు. దాత దిగాడు.

"ఏమయ్యా, ఎక్కణ్ణించి వలసొచ్చావు?"

"అకౌంట్స్ సెక్ష... కొండ మీద నుంచండీ!" అన్నాడు అకౌంట్స్ ఆఫీసరు.

"తిండికి ఇబ్బందా?"

"మాకేం లోటు లేదయ్యా, మీరు చల్లగా ఉన్నారా?" ఆయన బొజ్జ కూడా ఆ మాటే అంది.

"వానొస్తే ఇల్లు కారుతుందా అమ్మా?" దాత పక్కకి జరిగాడు.

"మాకేం లోటు లేదయ్యా, మీరు చల్లగా ఉన్నారా?" అంది టైపిస్టు, గుక్క తిప్పుకోకుండా.

దాత కళ్ళు చెమర్చాయి. "ఆహా! ఇంత తృప్తిగా బతికే జనాన్ని నా జన్మలో చూడలేదు! వీళ్ళకి భవనం కట్టడమంటే వీళ్ళ తృప్తిని అవమానించడమే. నా డబ్బు లోటున్న చోటికే పోవాలి. మా క్లబ్బులో ఈతకొలను కారిపోతోంది!"

డైరెక్టరు గారు గిలగిల్లాడిపోయారు. "అయ్యా, అయ్యయ్యో, వీళ్ళకి బోలెడు లోట్లున్నాయండీ!"

"లేదండీ, మాకేం లోటు లేదు!" అన్నాడు అకౌంట్స్ ఆఫీసరు. నమ్మకస్తుడు మరి!

"మేడమ్, మీరైనా చెప్పండి!"

ప్రొఫెసరమ్మ నోరు తెరిచింది. "రెండోసారి అడగమనండి సార్."

దాత గడియారం చూసుకుని కారెక్కేశాడు.

సాయంత్రం బస్సు తిరిగొచ్చేసరికి, వెయ్యని శంకుస్థాపన రాయి మీద డైరెక్టరు గారు ఒక్కరే కూలబడి ఉన్నారు. జరిగిందేదీ తెలియని పిన్ని బస్సు దిగి ఆయన్ని చూసింది. లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

"ఏం నాయనా, బాగున్నావా?"

"నాకేం లోటు లేదమ్మా," అన్నారాయన. పొద్దుట్నుంచీ విని విని నోటికొచ్చేసింది.

పిన్ని మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా పక్కన చతికిలబడింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగింది. అప్పుడు మళ్ళీ అడిగింది.

"బాగున్నావా నాయనా?"

డైరెక్టరు గారు అటూ ఇటూ చూశారు. బస్సు దిగినవాళ్ళంతా ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. ఒక్కసారిగా బావురుమన్నారు.

"బంగళా ఖాళీ చేయమన్నారమ్మా! ఎక్కడికి పోవాలో తెలియట్లేదు!"

పిన్ని ఆయన వీపు నిమిరింది.

"కొత్త కదా, కష్టంగానే ఉంటుంది. ఏడవకు. వరస చివర ఒక గది ఖాళీగా ఉందిలే."